ఫ్రేజూ, క్లాజూ, మా ఏడో తరగతి పిల్లలూ

మన కాలేజీ నుంచి ఇంటికెళ్ళి, సాయంత్రం పూట చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పేవాళ్ళు మనలో చాలామందిమే ఉన్నాం. బస్సు ఖర్చులకని కొందరు, ఫీజులకని కొందరు, వీధిలో వాళ్ళు అడిగితే కాదనలేక కొందరు. లెక్కలు చెప్పేవాళ్ళ కష్టం వేరు. ఇంగ్లీషు గ్రామర్ చెప్పేవాళ్ళని అడగండి, ఏ పాఠం దగ్గర పిల్లలు ఆవలిస్తారో. టెన్సులు పట్టిక చూసి నేర్చేసుకుంటారు. యాక్టివ్, పాసివ్ ఒక సూత్రంలా పట్టేస్తారు. ఫ్రేజులూ క్లాజులూ అనేసరికి మాత్రం ‘అక్కా, నీళ్ళు తాగొస్తాను’ అని ఒకరి తర్వాత ఒకరు లేస్తారు.

తెలుగు శాఖ గోడపత్రికలో ఇంగ్లీషు వ్యాకరణం ఏమిటని అడుగుతారేమో. ఈ పాఠం చెప్పడానికి నాకు బాగా అక్కరకొచ్చింది మన తెలుగు క్లాసులో రాసుకున్న నోట్సు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది కాసేపట్లో చెబుతాను.

మాది ఉత్తర చెన్నై. మా మిద్దె మీద రేకుల కింద సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఐదుగురు పిల్లలు కూర్చుంటారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. అందరిదీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. వాళ్ళ తాతల తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచీ చిత్తూరు వైపు నుంచీ వచ్చినవాళ్ళు. పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని ఆదివారం పొద్దున ఓ గంట ఓనమాలు కూడా దిద్దిస్తున్నాను. దానికి ఫీజు లేదు.

ముందు పాఠం సంగతి. గ్రామర్ పుస్తకాల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: కొంత అర్థం ఇచ్చి, పూర్తి అర్థం ఇవ్వని మాటల గుంపు ఫ్రేజ్. తనదంటూ ఒక సబ్జెక్టూ ఒక ప్రెడికేటూ ఉండి, పెద్ద వాక్యంలో భాగమైన మాటల గుంపు క్లాజ్. పిల్లలు దీన్ని గడగడా అప్పజెబుతారు. చిక్కంతా ఆ ‘పూర్తి అర్థం’ అనే మాటలో ఉంది.

‘ఇన్ ది మార్నింగ్’ అనేది ఫ్రేజ్ అని చెప్పాను. ఆరో తరగతి పిల్లాడు ఒప్పుకోలేదు. “ఎప్పుడు వచ్చినావురా అంటే పొద్దున అంటాను. అర్థం అయిపోయింది కదక్కా, ఇంకేం కావాలి?” అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. అడిగినదానికి జవాబుగా ‘పొద్దున’ అనేది పూర్తి అర్థమే. అలాగే ‘ఎందుకు రాలేదు?’ అంటే ‘బికాజ్ ఇట్ వాస్ రెయినింగ్’ కూడా పూర్తి జవాబే. కాబట్టి అర్థం పూర్తయిందా లేదా అని పిల్లల్ని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు, ఎవరి జవాబునీ కాదనలేం.

అందుకని ఆ ప్రశ్న పక్కన పెట్టి, రెండు ప్రశ్నలు ఇచ్చాను. ఒకటి, ఈ గుంపులో కాలం తెలిపే క్రియ ఉందా? రెండు, ఆ పని ఎవరిదో ఈ గుంపులోనే చెప్పారా? రెంటికీ అవును అయితే క్లాజ్. లేకపోతే ఫ్రేజ్. ‘బిఫోర్ స్కూల్’ తీసుకోండి, క్రియ లేదు, ఫ్రేజ్. ‘బిఫోర్ స్కూల్ బిగిన్స్’ తీసుకోండి, ‘బిగిన్స్’ అనే క్రియ ఉంది, మొదలయ్యేది స్కూలు, కాబట్టి క్లాజ్. ‘ఆఫ్టర్ ఈటింగ్’ ఫ్రేజ్, ‘ఆఫ్టర్ ఐ ఏట్’ క్లాజ్. మొదటి మాట ఒకటే అయినా గుంపు మారిపోయింది. ఇలా జంటలు జంటలుగా బోర్డు మీద రాస్తే పిల్లలు నీళ్ళు తాగడానికి లేవడం తగ్గింది.

ఇక ఆ రెండో కారణం. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. నాన్న లేడు. అమ్మ పొద్దున్నే పూలు తెచ్చి వీధి మొదట్లో మూర లెక్కన అమ్ముతుంది. మధ్యాహ్నమంతా అవ్వ ఇంట్లో కూర్చుని పూలు కడుతుంది. అవ్వకు తెలుగు తప్ప ఇంకో భాష సరిగా రాదు. ఇన్నేళ్ళు చెన్నైలో ఉన్నా తమిళం కూరగాయల బేరం వరకే.

బడిలో ‘వానరోజు’ మీద ఒక పేరా రాయమన్నారు. పాప రాసింది ఇది: ‘ఐ కమింగ్ హోమ్, అవ్వ గివింగ్ టీ, డ్రింకింగ్, స్టడీడ్. బికాజ్ ది రెయిన్ కేమ్.’ పేపరంతా ఎర్ర సున్నాలు. పక్కన ‘ఫ్రాగ్మెంట్’ అని రాసి ఉంది. ఆ పేరాని క్లాసులో పైకి చదివించారట. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి పాప ఇంగ్లీషు క్లాసులో చెయ్యెత్తడం మానేసింది.

తర్వాత వాళ్ళ అమ్మను పిలిపించి, ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇంగ్లీషు రావడం లేదు, ఆపేయండి అని చెప్పారు. ఆమె నేరుగా మా ఇంటికొచ్చింది. “చదువు చెప్పేవాళ్ళే చెప్పినారు పాపా. ఇంక ఆదివారం తెలుగు వద్దు. నువ్వు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడు దాంతో. నేను ఎట్లో కష్టపడి అంత ఫీజు కడతా ఉంటే ఇట్లా అయితే ఎట్లా?” అంది. ఆమె కోపంగా అనలేదు, భయంతో అంది. భయపడేవాళ్ళతో వాదించడం కష్టం.

రెండు వారాల్లో తేడా కనబడింది. అవ్వ ఏదైనా అడిగితే పాప ‘యెస్’ అనో ‘నో’ అనో అంటోంది. ఇంగ్లీషు మెరుగుపడిందా అంటే అదీ లేదు. ఇంట్లో మాట మాత్రం తగ్గిపోయింది. పూలు కడుతూ కథలు చెప్పే అవ్వ, ఎదురుగా వినేవాళ్ళు లేక రేడియో పెట్టుకుంటోంది.

ఆ పేరాని నేను ఇంటికి తెచ్చుకుని, పాప మనసులో ఉన్న వాక్యం ఏమై ఉంటుందా అని తెలుగులో రాసి చూశాను. ‘ఇంటికి వచ్చి, అవ్వ టీ ఇస్తే తాగి, చదువుకున్నాను.’ ఎంత చక్కని వాక్యం! నాలుగు పనులు, ఒక్క ఊపిరి. పాప తన ఇంగ్లీషు వాక్యంలో చివరి క్రియకు మాత్రమే కాలం ఇచ్చింది: ‘స్టడీడ్’. ముందున్న మూడింటినీ ‘ఇంగ్’ పెట్టి వదిలేసింది. తెలుగు వాక్యం సరిగ్గా అలాగే నడుస్తుంది. మన క్లాసులో చెప్పుకున్న సమాపక క్రియ, అసమాపక క్రియ ఇవే. ఆ పిల్లకు వాక్యం కట్టడం రాదనడానికి లేదు. ఒక భాష కట్టుబాటును ఇంకో భాషలో తు.చ. తప్పకుండా పాటించింది, అంతే.

మన నోట్సులో ఆ పేర్లన్నీ ఉన్నాయి. తిని, క్త్వార్థకం. తింటూ, శత్రర్థకం. తింటే, చేదర్థకం. తిన్నా, అప్యర్థకం. తినను లేదా తినడానికి, తుమున్నర్థకం. తిన్న, ధాతుజ విశేషణం. పరీక్షకు ముందు రోజు ఈ పేర్లు బట్టీ పట్టి మనందరం విసుక్కున్నవాళ్ళమే. క్త్వా, శతృ, తుమున్ అనేవి సంస్కృత వ్యాకరణంలోని ప్రత్యయాల పేర్లు. చేత్ అంటే ‘అయితే’ అని, అపి అంటే ‘కూడా’ అని. తెలిస్తే ఆ పేర్లే అర్థం చెబుతాయి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. ఆయన ఈ మద్రాసులోనే ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పనిచేసినవారు. మన ఊరి పుస్తకమే అనుకోవచ్చు.

పిల్లలకు ఈ పేర్లేవీ చెప్పలేదు. ఒక ఆట పెట్టాను. నేను ఒక మాట దగ్గర ఆగుతాను, వాళ్ళకు ఇంకా వినాలనిపిస్తే ‘ఊఁ?’ అనాలి. ‘రాజు అడవికి పోయి...’ అన్నాను. ఐదుగురూ ‘ఊఁ?’ అన్నారు. ‘పులి కనబడితే...’ ‘ఊఁ?’ ‘భయం వేసినా...’ ‘ఊఁ?’ ‘కత్తి తీశాడు.’ ఎవరూ ఏమీ అనలేదు. అక్కడ వాక్యం ఆగింది. ఏ క్రియ దగ్గర వాక్యం ఆగుతుందో తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, కథలు విన్న చెవి ఉంటే చాలు.

అందరూ బడిలో తమిళం కూడా చదువుతున్నారు కాబట్టి ఎనిమిదో తరగతి అబ్బాయికి చప్పున వెలిగింది. “అక్కా, ఇది ఎచ్చం కదా!” అన్నాడు. అవును. తమిళంలో ఎచ్చం అంటే మిగిలినది. వందు అనేది వినైయెచ్చం, దాని తర్వాత ఇంకో క్రియ రావాలి. వంద అనేది పెయరెచ్చం, దాని తర్వాత ఒక పేరు రావాలి. వందాన్ అనేది ముట్రు, అయిపోయింది. వచ్చి, వచ్చిన, వచ్చాడు. రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళలా ఒకే దారిన పోతున్నాయి. మూడు భాషల్నీ మూడు వరసల్లో బోర్డు మీద రాశాం. ఆ రోజు ఎనిమిదిన్నర అయినా ఎవరూ లేవలేదు.

ఇక్కడి నుంచి ఇంగ్లీషు సులువవుతుంది. తెలుగులో అసమాపక క్రియతో అయ్యే చాలా పనులకు ఇంగ్లీషు ఒక కొత్త క్లాజే కడుతుంది. దానికి సొంత కర్త, సొంత కాలం ఇస్తుంది. ‘వాన వస్తే సెలవు ఇస్తారు’ అనే వాక్యంలో ‘వస్తే’కి కాలం లేదు. ఇంగ్లీషులో ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, దే విల్ గివ్ ఎ హాలిడే’ అనాలి. రెండు క్రియలు, రెంటికీ కాలం. ‘తే’ అనే ఒక్క అక్షరం చేసిన పనిని అక్కడ ‘ఇఫ్’ అనే మాట ముందుకొచ్చి చేస్తుంది. ‘వాన వచ్చినా బడికి వెళ్ళాం’ అంటే ‘దో ఇట్ రెయిన్డ్, వి వెంట్ టు స్కూల్’. మనం తోకలో పెట్టేదాన్ని వాళ్ళు తలలో పెడతారు. అడ్వెర్బ్ క్లాజ్ పాఠమంతా పిల్లలకు ఈ ఒక్క మాటతో అర్థమైంది.

అడ్జెక్టివ్ క్లాజ్ ఇంకా తమాషా. ‘నిన్న వచ్చిన పిల్ల’ అంటాం. ఇంగ్లీషులో ‘ది గర్ల్ హూ కేమ్ యెస్టర్డే’. మనం వివరమంతా ముందు చెప్పి పిల్లను చివర చూపిస్తాం. వాళ్ళు పిల్లను ముందు చూపించి, తర్వాత ‘హూ’ పెట్టి వివరం చెబుతారు. మనకు అక్కడ ‘ఎవరు’ అనే మాటే అక్కర్లేదు. పిల్లలు ‘యెస్టర్డే కేమ్ గర్ల్’ అని రాస్తారంటే కారణం అదే.

ఇక నౌన్ క్లాజ్. దీని దగ్గర తెలుగు, ఇంగ్లీషు బాగా దగ్గరికొస్తాయి. ‘అవ్వ వస్తుందని నాకు తెలుసు.’ ‘వస్తుంది’ పూర్తి క్రియే, దాన్ని ‘అని’ పట్టుకుంది. ‘ఐ నో దట్ అవ్వ విల్ కమ్.’ ‘అని’ చివర, ‘దట్’ మొదట, అంతే తేడా. ‘ఎవరు వచ్చారో తెలియదు’లో ‘ఓ’ చేసే పని చూడండి. ‘ఐ డోంట్ నో హూ కేమ్’ అనడానికి పిల్లలు ఒక్క నిమిషం కూడా తీసుకోలేదు.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. తెలుగులో ‘వచ్చాను’ అంటే ఒక్క మాటే వాక్యం. ‘ను’లో నేను ఉన్నాను. ఇంగ్లీషు క్రియలో ఆ సదుపాయం లేదు, ‘ఐ’ విడిగా రాయాలి. ‘రా!’ అన్నట్టు ‘కమ్!’ అనే ఆజ్ఞల్లోనే కర్తను వదిలేయవచ్చు. రెండోది, ‘ఆమె టీచరు’ అన్నప్పుడు మనకు క్రియే అక్కర్లేదు. ఇంగ్లీషులో ‘ఈజ్’ లేకపోతే అది క్లాజే కాదు. పిల్లల పేపర్లలో ఎర్ర సున్నాలు చాలావరకు ఈ రెండు చోట్లే పడతాయి.

పెద్దవాళ్ళు కూడా తడబడే చోట తెలుగు చెవి అడ్డం పడి కాపాడింది. ‘కమింగ్ హోమ్, అవ్వ గేవ్ మి టీ’ అని రాసి, ఎవరు ఇంటికొచ్చారని అడిగాను. ‘నేను’ అన్నారు ముగ్గురు. అదే వాక్యం తెలుగులో చెప్పాను: ‘ఇంటికి వచ్చి అవ్వ టీ ఇచ్చింది.’ అందరూ నవ్వారు. వచ్చింది అవ్వ అయిపోయింది! వచ్చినవాళ్ళూ ఇచ్చినవాళ్ళూ ఒకరే అయితేనే మనకు ఇలాంటి చోట ‘వచ్చి’ అతుకుతుంది. ఇంగ్లీషు పార్టిసిపుల్‌ది కూడా అదే నియమం. వచ్చింది నేను, ఇచ్చింది అవ్వ అయితే, ‘నేను వచ్చేసరికి అవ్వ టీ ఇచ్చింది’ అంటాం. ఇంగ్లీషులో ‘వెన్ ఐ కేమ్ హోమ్, అవ్వ గేవ్ మి టీ’. ఫ్రేజ్ చాలని చోట క్లాజ్ ఎందుకు కావాలో అక్కడ వాళ్ళకే తెలిసింది.

ఇంకో సంగతి మన తెలుగు విద్యార్థినులకు పనికొస్తుంది. ‘రవి అన్నం తిని బడికి వెళ్ళాడు’ అనేది తెలుగు పాఠ్యపుస్తకాల ప్రకారం సంశ్లిష్ట వాక్యం. దాన్నే ‘హావింగ్ ఈటెన్, రవి వెంట్ టు స్కూల్’ అంటే బళ్ళో చెప్పే ఇంగ్లీషు గ్రామర్ ప్రకారం సింపుల్ సెంటెన్స్, ఎందుకంటే ‘హావింగ్ ఈటెన్’ ఫ్రేజ్. తెలుగులో సంశ్లిష్టం, ఇంగ్లీషులో సింపుల్. రెండూ చదివే పిల్లలు ఏది నిజమని అడుగుతారు. రెండూ నిజమే, లెక్కించే పద్ధతి వేరు. రాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో తెచ్చిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం అయితే ఇలాంటి కాలం లేని గుంపుల్ని కూడా క్లాజులుగానే లెక్కపెట్టింది. అంటే తెలుగు పద్ధతి వెనకబడినదేమీ కాదు. పరీక్షలో మాత్రం బడి పుస్తకం ఎలా చెబితే అలా రాయమని పిల్లలకు చెప్పాను.

ఇవన్నీ పిల్లలకు చెప్పాను సరే, వాళ్ళ అమ్మకు ఎలా చెప్పాలి? ఆమెకు క్లాజ్ అక్కర్లేదు. సమాపక క్రియా అక్కర్లేదు. ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అవ్వ దారంతో మల్లెపూలు కడుతోంది. రెండు పూలు ఇటు, రెండు అటు, ఒక ముడి. మళ్ళీ రెండు, మళ్ళీ ముడి. పక్కన దేవుడి పటానికి సూదితో గుచ్చిన దండ ఉంది. దానికి చివర ఒకటే ముడి.

“అక్కా, ఈ రెండు దండల్లో ఏది తప్పు?” అని అడిగాను.

“ఏదీ తప్పు కాదు. అది గుచ్చింది, ఇది కట్టింది. దేని పద్ధతి దానిది” అంది.

“తెలుగు మాట గుచ్చిన దండ, చివర ఒక ముడి. ఇంగ్లీషు మాట కట్టిన దండ, రెండు పూలకొక ముడి. మీ పాప గుచ్చడం నేర్చుకుంది. ఇంగ్లీషులో కూడా గుచ్చేసింది. దానికి కట్టడం నేర్పించాలి. గుచ్చడం మరిచిపోమంటే కట్టడం వస్తుందా?”

ఆమె కాసేపు ఏమీ అనలేదు. అవ్వ మాత్రం చేతిలో పూలు ఆపకుండా, “రెండూ వచ్చినోళ్ళకే కూలి ఎక్కువ” అంది.

“సరే, సంవత్సరం పరీక్షల దాకా చూద్దాం. అప్పటికీ మార్కులు రాకపోతే నేను చెప్పినట్టు వినాల” అంది అమ్మ. నేను ఒప్పుకున్నాను. కాబట్టి ఇది గెలిచిన కథ అని చెప్పలేను. గడువు పెట్టిన కథ. ఆదివారం ఓనమాలు మళ్ళీ మొదలయ్యాయి. పాప ఆ పేరాని తనంతట తానే మళ్ళీ రాసింది: ‘వెన్ ఐ కేమ్ హోమ్, అవ్వ గేవ్ మి టీ. ఐ డ్రాంక్ ఇట్ అండ్ స్టడీడ్. ఐ డిడ్ నాట్ గో అవుట్ టు ప్లే బికాజ్ ఇట్ వాస్ రెయినింగ్.’ మూడు వాక్యాలు, ప్రతి ముడీ గట్టిగా ఉంది. ‘బికాజ్’ ఒంటరిగా నిలబడకూడదని కూడా తెలిసింది, దానికి తోడుగా ఒక మెయిన్ క్లాజ్ వచ్చింది. బడిలో ఇంకా చెయ్యెత్తడం లేదు. అది గ్రామర్‌తో అయ్యే పని కాదు, కొంచెం టైం పడుతుంది.

ఒక విషయం తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఇదే మద్రాసులో 1812లో కంపెనీ ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పడానికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. 1816లో కాంప్‌బెల్, 1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణాలను ఇంగ్లీషులో అచ్చువేశారు. అప్పుడు ఇంగ్లీషు కుర్రవాళ్ళు ‘హూ’ లేకుండా ‘వచ్చిన పిల్ల’ అనడం, ‘అండ్’ లేకుండా ‘వచ్చి, తిని, పోయాడు’ అనడం నేర్చుకోవలసి వచ్చింది. మన పిల్లలు ఇప్పుడు అదే దారిలో ఎదురు నడుస్తున్నారు. వాళ్ళు తెలుగు నేర్చుకోవాలంటే ఇంగ్లీషు మరిచిపోవాలని ఎవరైనా అన్నారా? తమ భాషతో పోల్చి రాసిన పుస్తకాలే వాళ్ళకు ఇచ్చారు. మన పిల్లలకు మాత్రం ఇంటి భాష మానేయమని సలహా ఇస్తున్నాం.

‘పార్ట్ ఒన్‌లో తెలుగు ఎందుకు తీసుకున్నావు, ఏం ఉపయోగం?’ అని మనల్ని చుట్టాలు అడుగుతుంటారు. నేను ఇప్పుడు వాళ్ళతో వాదించడం లేదు. అసమాపక క్రియలు తెలిసినందువల్ల ఒక పాప పేపర్లో ఎర్ర సున్నాల కింద ఏముందో చదవగలిగాను. నాకది చాలు.

ట్యూషన్ చెప్పే అక్కచెల్లెళ్ళకు చివరగా మూడు మాటలు. పిల్లలు రాసిన వంకర వాక్యాన్ని కొట్టేసే ముందు, దాన్ని తెలుగులో చెప్పించండి. చాలాసార్లు లోపల ఒక సరైన వాక్యం దొరుకుతుంది. అర్థం పూర్తయిందా అని అడగకండి, కాలం ఉందా, కర్త ఉన్నాడా అని అడగండి. పిల్లల ఇంట్లో కథ చెప్పే అవ్వ గానీ తాత గానీ ఉంటే, వారానికి ఒక కథ విని రమ్మని హోంవర్కు ఇవ్వండి. వచ్చాక ఆ కథలో ఒక వాక్యం తీసుకుని ఇంగ్లీషులో ముడులు వేయించండి.

మీ దగ్గర చదివే పిల్లలు రాసిన ఇలాంటి వాక్యాలు ఉంటే, పేర్లు తీసేసి, కాగితం మీద రాసి మన డిపార్ట్‌మెంట్ బల్ల మీద పెట్టండి. పది పోగైతే వచ్చే సంచికలో అందరం కలిసి విప్పి చూద్దాం.